ఫిర్యాదు ఆమె బల్ల మీదే ఉంది

పరీక్షాశాల వెనక క్వార్టర్స్,
మెట్ల పక్క ఇల్లు

శాసనాల వదినకి,

ఫోనులో సగం చెప్పి నవ్వేస్తావు, మిగతా సగం కోసం నేను రాత్రంతా జుట్టు పీక్కోవాలి, ఏదున్నా కాగితం మీద పెట్టి పంపు అన్నావు కదా. పెడుతున్నాను. టీ పక్కన పెట్టుకుని చదువు.

మా ఆఫీసు సంగతి నీకు తెలిసిందే. సేకరణ విభాగం వాళ్ళు పేటపేటకీ తిరిగి కుళాయి నీళ్ళు సీసాల్లో పట్టుకొస్తారు. ఆ సీసాలను పరీక్షించి, ఈ నీళ్ళు తాగొచ్చు, ఇవి తాగరాదు అని సంతకం పెట్టేది నేను. ఈ ఊరు వచ్చినప్పటినుంచి అన్నీ తాగదగ్గ నీళ్ళే వచ్చాయి. ఎంత పుణ్యభూమిలో ఉద్యోగం దొరికిందో అని మురిసిపోయాను కూడా.

పోయిన వారం మా ఆఫీసు ట్యాంకు కడిగారు. ఆ రోజంతా వరండా కుళాయిలో తుప్పు నీళ్ళే, ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా. మొహం కడుక్కోవడానికి కూడా పనికిరాలేదు. సాయంత్రం సీసాల పెట్టె వచ్చింది. తెరిచి చూస్తే స్టేషను పేట సీసా ఎరుపు, మార్కెట్టు వీధి సీసా ఎరుపు, గుట్ట కింద కాలనీ సీసా ఎరుపు. ఊరికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి ఉన్న పేటలు అన్నీ కూడబలుక్కుని ఒకే పూట ఎర్రబడ్డాయి. ముందు నవ్వొచ్చింది వదినా. పెట్టె మూసి వరండా కుళాయి తిప్పి చూశాను, అచ్చం అదే రంగు.

సేకరణ వాళ్ళు ఎక్కడికీ వెళ్ళడం లేదు. మా వరండాలో కుళాయి తిప్పి, సీసాలన్నీ వరసగా నింపి, పేటల పేర్లు అంటించి నా బల్ల మీద పెడుతున్నారు. నేనేమో మా కుళాయి నీళ్ళు పరీక్షించి ఊరందరికీ అభయం ఇస్తున్నాను.

మిగతా పేటల మాట ఎలా ఉన్నా, గుట్ట కింద కాలనీ సంగతి వేరు. అక్కడ నీళ్ళ గొట్టం మురుగు కాలవ పక్కనే పోతుంది. నాకు బట్టలు కుట్టే ఆవిడ ఉండేది అక్కడే. నీళ్ళు కంపు కొడుతున్నాయని వాళ్ళు ఎన్నిసార్లు మొత్తుకున్నా, కౌంటరులో నా సంతకం ఉన్న కాగితం చూపించి తిప్పి పంపుతున్నారట. నా సంతకంతో వాళ్ళ నోరు మూస్తున్నారు.

పెద్దసారు దగ్గరికి వెళ్ళి చెప్పాను. కుర్చీ వేయించారు, టీ తెప్పించారు, బాగా కనిపెట్టావమ్మా అన్నారు. ఆ తరవాత, దీన్ని కాగితం మీద పెట్టకు, నోటిమాటతో సర్దుదాం అన్నారు. ఏం చేయమంటావు? అన్నయ్యకి మాత్రం చెప్పకు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

నీ ఆడపడుచు


ముసాయిదా విభాగం, రెండో అంతస్తు,
చట్టసభ వెనక భవనం

ప్రియమైన సీసాలమ్మకి,

కాగితం మీదే పెట్టు. రేపే పెట్టు. ఒక కాపీ మీద ముద్ర వేయించుకో. నోటిమాటతో సర్దుదాం అన్నవాడు నిన్నే సర్దుతాడు. వదిన మాట చద్దిమూట అనుకో. ఆ సామెత పెద్దల గురించే అయినా నీకంటే నేను పెద్దదాన్నే కదా.

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. కంచే చేను మేస్తోంది. కానీ నువ్వు మంచి వేళ చూసి కనిపెట్టావు. మా సభలో ఇప్పుడు నడుస్తున్నదే ఈ గొడవ. పోయిన ఏడాది మూడు నాలుగు శాఖల్లో మోసాలు బయటపడ్డాయి. బయటపడ్డాక తెలిసింది ఏమిటంటే, లోపలివాళ్ళకి అవి ఎప్పుడో తెలుసు, తెలిసినవాళ్ళ నోళ్ళు కట్టేశారు అని. సభ్యులు రెండు వైపుల నుంచీ లేచి అరిచారు. ఆ అరుపుల్లోంచే ఒక బిల్లు పుట్టింది. దానికి పొడుగాటి పేరుంది కానీ ఇక్కడ అందరూ మూత బిల్లు అంటారు, మూతలు తీసే బిల్లు అని. అచ్చయి జనంలోకి వచ్చేసింది కాబట్టి నీకు చెప్పడంలో తప్పు లేదు. ఇప్పుడు కమిటీ ముందుంది. మొదటి ముసాయిదా రాసింది మీ వదినే.

మా గదిలో ఒక అలవాటుంది. ముసాయిదా పూర్తవగానే కిటికీ పక్క కుర్చీలో ఒకరు కూర్చోవాలి. దాన్ని దొంగ కుర్చీ అంటాం. అందులో కూర్చున్నవాళ్ళు దొంగలా ఆలోచించి, ఈ చట్టం నుంచి తామైతే ఎలా తప్పించుకుంటారో చెప్పాలి. మా పెద్దాయన కత్తెరగారు (మేం రాసిందంతా కత్తిరిస్తారు కనక ఆ పేరు) ఆ కుర్చీలో కూర్చుంటే గజదొంగే. ఆయన ఒక రోజంతా కూర్చుని, చివరికి కళ్ళజోడు తీసేసి, నాకు దారి దొరకలేదమ్మా అన్నారు. ఆ మాటకి నేను ఇంటిదాకా బస్సులో నిలబడే వెళ్ళాను, సీటు ఖాళీగా ఉన్నా. ఫిర్యాదు చేసినవాళ్ళని తీసెయ్యడానికి వీల్లేదు, సస్పెండు చెయ్యడానికి వీల్లేదు, దూరం బదిలీ చెయ్యడానికి వీల్లేదు, జీతం తగ్గించడానికి వీల్లేదు. ఇంకే రకంగా కీడు చేసినా శిక్షే. ఎలక దూరే సందు కూడా వదల్లేదు.

ఇంకా చట్టం కాకపోయినా, సభ ఇంత వేడి మీద ఉండగా నీ మీద చెయ్యి వెయ్యడానికి ఎవడూ సాహసించడు, కనక ధైర్యంగా ఇవ్వు. మీ అన్నయ్యకి చెప్పలేదు. నువ్వు ఏదో దాస్తున్నావని మాత్రం కనిపెట్టేశాడు, పెళ్ళి సంబంధం అనుకుంటున్నాడు.

నీ వదిన


సేకరణ విభాగం, అధికారి గది
(అవును, సరిగ్గానే చదివావు)

వదినా,

అమ్మ నీకు ఈపాటికి ఫోను చేసే ఉంటుంది. వీధంతా మిఠాయి పంచిందట. నాకు పదోన్నతి ఇచ్చారు.

నువ్వు చెప్పినట్టే ఫిర్యాదు ఇచ్చాను, ముద్ర వేయించుకున్నాను. రెండు వారాలు ఎవరూ ఏమీ అనలేదు. ఎదురొస్తే అందరూ పక్కకి తప్పుకునేవాళ్ళు. బదిలీ కాగితం వస్తుందనుకుని పెట్టె సర్దుకున్నాను కూడా. ఒకరోజు పెద్దసారు పిలిచి కాగితం చేతిలో పెట్టారు. సేకరణ విభాగం అధికారి పదవీ విరమణ చేశారు కదా, ఆ కుర్చీ నీదే అన్నారు. రెండు కిటికీల గది. తలుపు మీద బోర్డు. నిజం చెప్తున్నా, ఎగిరి గంతేశాను. సేకరణ నా చేతిలోకి వస్తే ఇక సీసాలు ఎక్కడ నిండుతాయో నేనే చూసుకోవచ్చు అనుకున్నాను. నా ఫిర్యాదు విని, నన్నే బాగుచెయ్యమంటున్నారు అనుకున్నాను. ఎంత వెర్రిబాగులదాన్నో చూడు.

మొదటి రోజు బల్ల మీద ఒకే ఒక ఫైలు ఉంది. విప్పితే లోపల నా ఫిర్యాదు. మా శాఖలో ఏ విభాగం మీద వచ్చిన ఫిర్యాదైనా ఆ విభాగం అధికారికే వెళ్తుంది, విచారించి ముగించమని. ఇప్పుడా అధికారిని నేనే. ఇంకో నిబంధన ఉంది. తన ఫిర్యాదును తానే విచారించకూడదు. మరొకరికి పంపుదామంటే అధికారి ఉండగా పంపే వీలు లేదు. నేను చెయ్యగలిగింది ఒక్కటే, విచారణకు వీలుపడలేదు కనక మూసివేయడమైనది అని సంతకం పెట్టడం. ఆ వాక్యం కూడా వాళ్ళే టైపు చేసి ఉంచారు.

పెద్దసారు గుమ్మం దగ్గరికి వచ్చి, ఎలా ఉందమ్మా గది, గాలి బాగా వస్తుందా అని అడిగారు. ఆ నవ్వు చూస్తే తెలిసిపోయింది. కుర్చీ వద్దందామా అంటే, ఒకసారి కాదన్నవాళ్ళు మళ్ళీ జూనియర్లందరి వెనకా నిలబడాలి. పోనీ నిలబడదామన్నా నా తరవాత వచ్చేవాడు మొదటి రోజే ఆ సంతకం పెట్టేస్తాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే.

సీసాల సంగతికొస్తే, నా కుర్రాళ్ళని పేటల్లోకి పంపిద్దామని చూశాను. సేకరణ తిరుగుడు పట్టిక పైనుంచి రావాలట. గుట్ట కింద కాలనీ ఈ విడత పట్టికలోనే లేదు.

వదినా, మీ దొంగ కుర్చీలో ఎవరూ ఈ దొంగతనం ఆలోచించలేదు. కీడు చేస్తే శిక్ష అని రాశారు. మేలు చేసి ఫిర్యాదును చంపేస్తే ఏంటి శిక్ష? బిల్లు ఇంకా కమిటీ దగ్గరే ఉంది కదా. నువ్వు రాసిందే కదా. ఒక్క ముక్క చేర్చు. నీకు కలం కదిపినంత పని, మాకు ప్రాణాల మీది పని.

నీ ఆడపడుచు


ముసాయిదా విభాగం

ఆడపడుచుకి,

బిల్లు విషయం ఇక మీదట నాకు రాయకు. నువ్వు రాసినా జవాబు ఇవ్వను.

కమిటీ ప్రజల దగ్గర సలహాలు తీసుకుంటోంది. ఎవరైనా పంపొచ్చు. చిరునామా బిల్లు చివరి పేజీలో ఉంది. గడువు ఈ నెలాఖరు.

అత్తయ్యకి మోకాలి నూనె పంపాను, అందిందో లేదో కనుక్కో.

వదిన


సేకరణ విభాగం

గౌరవనీయులైన ముసాయిదా అధికారిణి గారికి,

తమరి శ్రీముఖం అందింది. నూనె కూడా అందింది.

పరాయివాళ్ళు అంటే పడతాను, పెద్దసారు అంటే పడతాను. నువ్వు మొహం మీద తలుపు వేస్తావని అనుకోలేదు. పెళ్ళయి మా ఇంటికి వచ్చిన కొత్తలో, అన్నయ్య అలిగి అన్నం తిననప్పుడల్లా ఇద్దరం వంటింట్లో కూర్చుని వాడి వాటా తినేసేవాళ్ళం. నాకు అక్క లేని లోటు తీరిందనుకున్నాను. ఇప్పుడు తెలిసింది, నీకు నేను చిరునామా బిల్లు చివరి పేజీలో వెతుక్కోవాల్సిన మనిషినని. ఉద్యోగం అంత తీపా వదినా?

కోపంలోనే కూర్చుని కమిటీకి రాశాను. ఇంత కోపం లేకపోతే అంత బాగా రాసేదాన్ని కాదేమో. అందుకు మాత్రం కృతజ్ఞతలు.

ఇక్కడి సంగతి. బట్టలు కుట్టే ఆవిడ ఆఫీసుకి వచ్చింది. తలుపు మీద నా బోర్డు చూసి సంబరపడింది. మన మనిషి అధికారి అయింది, ఇక మా నీళ్ళు బాగుపడతాయని కాలనీలో అందరికీ చెప్పిందట. రెండిళ్ళలో పిల్లలు ఆసుపత్రిలో ఉన్నారు. అదేమీ ఫిర్యాదులా చెప్పలేదు, వానలు ఆలస్యం అయ్యాయన్నట్టు చెప్పింది. ఫైలు నా మోచేతి కిందే ఉంది. ఏమీ చెయ్యలేనని ఆమెకి అర్థమయ్యేలా చెప్పడం నాకు చేతకాలేదు. కాచుకుని తాగండి అన్నాను. తల్లులందరూ అదే చేస్తున్నారమ్మా, పనికి పోయినప్పుడే కుదరదు అంది.

ఆవిడ వెళ్ళాక పెద్దసారు కబురు పెట్టారు. సంతకం ఎందుకు ఆలస్యం అవుతోందని మెమో ఇస్తారట. ఇచ్చుకోమన్నాను. ఆ సంతకం నేను పెట్టను వదినా. నువ్వు సాయం చేసినా చెయ్యకపోయినా పెట్టను. ఫైలు అక్కడే ఉంటుంది, నేనూ అక్కడే ఉంటాను.

ఇట్లు,
తమరి విధేయురాలు


ఇల్లు, వంటింటి బల్ల

నా పిచ్చి ఆడపడుచుకి,

ఇవాళ కమిటీ సాక్షుల పట్టిక గోడకి అంటించారు. అందులో నీ పేరుంది. నలుగురికీ తెలిసిపోయింది కాబట్టి ఇక నోరు విప్పొచ్చు. తిట్టడం అయిపోయిందా? అయితే ఇప్పుడు విను.

నీ పదోన్నతి ఉత్తరం నేను ఆఫీసులోనే చదివాను. చదవగానే రెండు విషయాలు తెలిశాయి. ఒకటి, నా ముసాయిదాలో ఏనుగు దూరేంత సందుందని. రెండు, ఆ సందు నేను పూడ్చకూడదని. సొంత ఆడపడుచు కోసం చట్టంలో మాట చేర్చిందని రేపు ఎవడో ఒకడు లేచి అంటాడు. ఆ ఒక్క మాటతో బిల్లు మొత్తం గంగలో కలిసిపోతుంది, నీ ఫిర్యాదుతో సహా. మీ పెద్దసారుకి కావలసింది అదే. అందుకని ఉత్తరం మడిచి, నేరుగా కార్యదర్శి గదికి వెళ్ళి, నా చుట్టం ఈ బిల్లు కింద ఫిర్యాదీ, నన్ను తప్పించండి అని చెప్పాను. ఆ సాయంత్రమే తప్పించారు. ఫైలు కత్తెరగారికి ఇచ్చారు. వాళ్ళు పెట్టిన షరతు, ఈ విషయం నీతో ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదని. ఎందుకు మాట్లాడటం లేదో కూడా చెప్పకూడదని. అందుకే ఆ నాలుగు ముక్కలు రాశాను. రాసి, పోస్టు చేసి, ఇంటికొచ్చి ఏడ్చాను. మీ అన్నయ్య నూనె సీసా పగిలిందేమో అనుకున్నాడు.

ఇప్పుడు నాకు ఇచ్చిన పని ఏమిటో తెలుసా? పెంపుడు కుక్కల లైసెన్సు బిల్లు. ఏడాది కష్టపడి రాసిన మూత బిల్లు పక్క బల్ల మీద ఉంటుంది, నేను కుక్క మెడ పట్టీ వెడల్పు గురించి రాస్తుంటాను. కడుపు మండిపోతోంది. అయినా ఇది తప్పదు. నీ ఫిర్యాదు నిజంగా బతకాలంటే అందులో నా చెయ్యి ఉండకూడదు.

సాక్ష్యానికి వచ్చినప్పుడు మా ఇంట్లో దిగకు. హోటల్లో దిగు. మీ అన్నయ్యకి ఇప్పుడే చెప్పాను. చెల్లెలు ఊళ్ళోకి వస్తూ హోటల్లో దిగడమేమిటని అలిగి భోజనం మానేశాడు. నువ్వు లేవు కాబట్టి తన వాటా ఒక్కదాన్నే తిన్నాను.

భయపడకు. అడిగినదానికి మాత్రమే చెప్పు. తెలియకపోతే తెలియదను.

నీ వదిన


రైలు పెట్టెలో, కిటికీ పక్క సీటు

వదినా,

అక్షరాలు కొక్కిరిబిక్కిరి గీతల్లా ఉంటే రైలుది తప్పు, నాది కాదు.

ముందు ఒక మాట. నిన్ను అన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. వెనక్కి తీసుకుంటే చాలదని తెలుసు. నీ ఉత్తరం మా ఇంటి పక్క మెట్ల మీదే కూర్చుని చదివాను, తలుపు తాళం కూడా తియ్యకుండా. ఉద్యోగం తీపా అని అడిగాను నిన్ను. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది.

బిల్లు సంగతి మనిద్దరం మాట్లాడుకోకూడదన్నారు కదా, ఇప్పుడు సాక్ష్యం అయిపోయింది, రేపు అన్ని పత్రికల్లోనూ వస్తుంది, కమిటీ గదిలో ఏం జరిగిందో చెప్పేస్తాను. పొడుగాటి బల్ల, ఆ వైపు సభ్యులు, ఈ వైపు నేను ఒక చివర, మా పెద్దసారు ఇంకో చివర. ఆయన్ని ముందు పిలిచారు. ఎంత బాగా మాట్లాడారనుకున్నావు. మా శాఖ ఫిర్యాదులను ఆహ్వానిస్తుందన్నారు. ఫిర్యాదు చేసిన ఉద్యోగిని మీద ఏ చర్యా తీసుకోలేదు సరికదా, ఆమె ప్రతిభను గుర్తించి పదోన్నతి ఇచ్చామన్నారు. ఒకరిద్దరు సభ్యులు తలలూపారు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

సభ్యుల వరసలో చివరి కుర్చీలో ఒక ముసలావిడ ఉంది, ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేదట, అందరూ టీచరమ్మ అంటున్నారు. ఆవిడ అడిగింది, "సంతోషం. మరి ఆ ఫిర్యాదు ఇప్పుడు ఎవరి దగ్గరుంది?"

సంబంధిత విభాగం అధికారి దగ్గరుందని పెద్దసారు చెప్పారు.

"ఆ అధికారి ఎవరు?"

ఆయన మంచినీళ్ళు తాగారు. గ్లాసు కింద పెట్టారు. "ఈవిడేనండి. ఫిర్యాదు ఆవిడ బల్ల మీదే ఉంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. తేలు కుట్టిన దొంగలా అంటారే, అలా కూర్చున్నారు పెద్దసారు.

టీచరమ్మ నా వైపు తిరిగింది. నువ్వే విచారించవచ్చుగా అంది. నిబంధన ఒప్పుకోదని చెప్పాను. ఇంకెవరికైనా పంపొచ్చుగా అంది. దానికీ వీల్లేదని, మూసెయ్యడానికి ఒక్కదానికే వీలుందని చెప్పాను.

"మరి మూయలేదేం?"

నువ్వు అడిగినదానికి మాత్రమే చెప్పమన్నావు. అదే చేశాను. "ఆ నీళ్ళు ఇంకా తాగుతున్నారండి" అన్నాను.

టీచరమ్మ ఆ మాట కాగితం మీద రాసుకుని, ఇక వెళ్ళొచ్చమ్మా అంది. బయటికి వస్తుంటే వరండాలో కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన ఒకాయన నన్ను ఆపి, నాకు దారి దొరకలేదని గొప్పలు చెప్పుకున్నది నేనేనమ్మా, మీ శాఖవాళ్ళు నన్ను మించినవాళ్ళు అన్నారు. కత్తెరగారని అప్పుడు తెలిసింది.

ప్రేమతో,
నీ ఆడపడుచు


ముసాయిదా విభాగం,
కుక్కల బిల్లు బల్ల

సీసాలమ్మా,

గెలిచాం. పూర్తిగా కాదు, కానీ గెలిచాం. సభ పై గ్యాలరీలో జనంతోపాటు నిలబడి చూశాను. పక్కన మీ అన్నయ్య. చప్పట్లు కొట్టకూడదని గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా కొట్టాడు, కాపలావాడు బయటికి పంపించేశాడు. మిగతాది మెట్ల మీద కూర్చుని రేడియోలో విన్నాడు.

కమిటీ చేర్చిన మాటలు ఇవి, నాకు కంఠతా వచ్చేశాయి: ఫిర్యాదు చేసినవారికి కీడు చేసినా, మేలు చేసినా, వారి కుర్చీ మారినా, ఫిర్యాదు ఆగదు. ఫిర్యాదు వచ్చిన శాఖ దాన్ని తానే విచారించకూడదు. ఆ శాఖతో సంబంధం లేని బయటివారు విచారించి, ఫలితం జనానికి తెలిసేలా పెట్టాలి. రాసింది కత్తెరగారు. నేనైతే ఇంకో నాలుగు వాక్యాలు ఎక్కువ రాసేదాన్ని.

నెగ్గనిది కూడా చెప్తాను. ఇదివరకే మూసేసిన ఫిర్యాదులన్నీ తెరవాలని టీచరమ్మ పట్టుబట్టింది. మంత్రిగారు ఒప్పుకోలేదు. పాత గోతులన్నీ తవ్వుకుంటూ కూర్చుంటే ప్రభుత్వం నడవదన్నారు. చాలాసేపు వాదన జరిగింది. బిల్లు మొత్తం ఆగిపోతుందేమో అనిపించింది. చివరికి టీచరమ్మే తగ్గింది. మూసినవి మూసినట్టే, సంతకం పడనివి మాత్రం కొత్త చట్టం కిందికి వస్తాయని తేల్చారు. ఆవిడ కూర్చుంటూ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. ఎన్ని ఫిర్యాదులు ఏ అలమరాల్లో చచ్చిపడి ఉన్నాయో. అది తలుచుకుంటే బాధగానే ఉంది. వచ్చే సమావేశాల్లో మళ్ళీ తెస్తానంటోంది, వదిలే మనిషి కాదు.

కానీ నీది మూయలేదు. నువ్వు సంతకం పెట్టలేదు. పెట్టి ఉంటే, మేమంతా కలిసి ఎంత గొప్ప చట్టం రాసినా నీ కాలనీకి చుక్క నీరు మారేది కాదు. నా మీద కోపంతో రాశావే ఆ ఉత్తరం, సంతకం నేను పెట్టను వదినా అని, ఆ ఒక్క వాక్యానికి నీ కాళ్ళు పట్టుకోవాలనిపించింది. వదిన ఆడపడుచు కాళ్ళు పట్టుకోకూడదట, అందుకని ఊరుకున్నాను.

ఇక బిల్లు చట్టమైంది కనక ఎంతైనా రాయొచ్చు. రాయి.

నీ వదిన


పరీక్షాశాల వెనక క్వార్టర్స్

వదినా,

వచ్చారు. బయటి విచారణకి పక్క జిల్లా విశ్వవిద్యాలయం నుంచి ఇద్దరమ్మాయిలు, ఒక పెద్దాయన, వాళ్ళ సీసాలు వాళ్ళే తెచ్చుకుని. ఫైలు నా బల్ల మీద నుంచి తీసుకుని, అందినట్టు సంతకం పెట్టారు. అది వెళ్ళిపోయాక బల్ల మీద దుమ్ము గీత ఒకటి మిగిలింది. గుడ్డ పెట్టి తుడిచేశాను.

ఫిర్యాదీ దగ్గరికి రాకూడదన్నారు. సరే అని కాలనీ మొదట్లో కిరాణా కొట్టు అరుగు మీద కూర్చున్నాను. వాళ్ళు ప్రతి ఇంటికీ వెళ్ళారు. ఆ ఇంటి మనిషి చేతే కుళాయి తిప్పించి, ఆ మనిషి ముందే సీసాకి సీలు వేశారు. బట్టలు కుట్టే ఆవిడ తన ఇంటి సీసా మీద పేరు రాయడానికి కుట్టు మిషను పక్కకి జరిపి, చెయ్యి కడుక్కుని మరీ కూర్చుందట.

ఫలితం నీటి ఆఫీసు గోడకే అంటించారు, చట్టంలో ఉన్నట్టు. గుట్ట కింద కాలనీ నీళ్ళు తాగరాదు. కారణం మురుగు కలవడం. మిగతా పేటల్లో రెండింటి నీళ్ళూ అంతే. కాలనీ ఆడవాళ్ళు గుంపుగా వచ్చి చదివారు, చదువు రానివాళ్ళకి చదివి వినిపించారు. ఒకావిడ పక్కావిడ భుజం తట్టి నవ్వింది. అంత చెడ్డ వార్త చుట్టూ అంత సంతోషం నేను పెళ్ళిళ్ళలో కూడా చూడలేదు. ఇన్నాళ్ళూ మీకు అనుమానం రోగం అన్నవాళ్ళ గోడ మీదే అది రాసి ఉంది మరి.

పెద్దసారుని సెలవు మీద పంపారు. విచారణ నడుస్తోంది, ఏమవుతుందో తెలియదు. సీసాలు నింపిన కుర్రాళ్ళు ఇద్దరు వచ్చి, పైనుంచి చెప్పినట్టు చేశామమ్మా అని ఏడ్చారు. ఆ మాట విచారణలో చెప్పమన్నాను. గొట్టం మార్చడానికి తవ్వకం మొదలైంది. అది అయ్యేదాకా ట్యాంకరు పంపమని కొత్త చట్టం కింద విచారణకి వచ్చినవాళ్ళే ఆదేశించారు.

ఇవాళ పొద్దున మొదటి ట్యాంకరు వచ్చింది. చూద్దామని నేనూ వెళ్ళాను. బిందెలతో వరస అప్పుడే వీధి మలుపు తిరిగింది. డ్రైవరు గొట్టం విప్పబోతుంటే బట్టలు కుట్టే ఆవిడ అడ్డం వెళ్ళి నిలబడింది. నన్ను చూపించి, "ఆవిడ చూడాలి ముందు" అంది. నేను కంగారుపడ్డాను. నా సంతకం ఉన్న కాగితాలతోనే కదా వదినా, ఇన్నాళ్ళు వీళ్ళని వెళ్ళగొట్టింది. అదే మాట ఆవిడతో అన్నాను. ఆ సంతకం కింద ఉన్నవి మా నీళ్ళు కావు కదమ్మా, ఇవి నీ కళ్ళ ముందున్నాయి కదా అంది.

సంచీలోంచి చిన్న గాజు గొట్టం తీశాను. ట్యాంకరు నీళ్ళు పట్టి, క్లోరిన్ సరిపడా ఉందో లేదో చెప్పే మందు చుక్క వేసి, వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. రంగు తేలడానికి కాస్త సమయం పడుతుంది. ముందున్న పిల్ల ఖాళీ బిందె చంకన పెట్టుకుని నా మొహంలోకే చూస్తోంది. ఎంత రంగు రావాలో అంత రంగూ వచ్చింది.

"తాగొచ్చు. పట్టుకోండి" అన్నాను. అప్పుడు కదిలాయి బిందెలు.

నీ ఆడపడుచు